కొంగల కోసం కొవ్వొత్తి: వాటర్‌కలర్‌లో అడ్డు వేసి గ్రీటింగ్ కార్డులు చేయడం

మా అక్కకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నా చేత్తో చేసిన కార్డు పంపాలనిపించింది. సాయంత్రపు ఆకాశం, దాని మీద బారులు తీరి గూటికి పోతున్న తెల్లకొంగలు. మనసులో బొమ్మ స్పష్టంగానే ఉంది గానీ కాగితం మీద మూడు రోజులు కుదరలేదు. కొంగల చుట్టూ జాగ్రత్తగా రంగు వేసుకుంటూ వెళ్తే, ఒక్కో రెక్క దగ్గర కుంచె ఆగిన చోటల్లా రంగు ఆరి గీత కట్టింది. ఆకాశం అతుకుల బొంతలా తయారైంది. పోనీ అని ఆకాశమంతా ముందే వేసేసి, ఆరాక తెల్లరంగుతో కొంగల్ని దిద్దితే అవి సున్నం చుక్కల్లా పైపైన తేలాయి. నాలుగో రోజు సొరుగులో ఉన్న కొవ్వొత్తి ముక్కతో కొంగల్ని గీసి, పైన ఒక్క ఊపున నీలం పరిచాను. మైనం ఉన్నచోట రంగు నిలవలేదు, పూసలు పూసలుగా విడిపోయి పక్కకు జారింది. పదకొండు కొంగలూ కాగితం తెలుపుతోనే వెలిగాయి.

అది జరిగి ఏడేళ్లయింది. అప్పటినుంచి నేను చేసే కార్డుల్లో దాదాపు అన్నీ ఈ దారినే నడుస్తున్నాయి. నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను, చెడిపోయిన కాగితాల సంగతి కూడా కలిపి.

వాటర్‌కలర్ పారదర్శకమైన రంగు. వెలుతురు ఆ పల్చటి పొరలోంచి కిందికి దిగి, కాగితానికి తగిలి, మళ్లీ మన కంటికి వస్తుంది. అందుకే ఇందులో అన్నిటికన్నా వెలుగుగా కనిపించేది రంగు తాకని కాగితమే. పైనుంచి వేసిన ఏ తెల్లరంగుకూ ఆ కాంతి రాదు. అయితే ఆ తెలుపును మిగుల్చుకోవాలంటే అడుగడుగునా కుంచె ఆపాలి. ఆకాశంలాంటి పెద్ద మేర సాఫీగా రావాలంటే కుంచె అసలు ఆగకూడదు, తడి అంచు ఆరకముందే తర్వాతి గీత వచ్చి దాన్ని అందుకోవాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది అడ్డు. తెల్లగా ఉండాల్సిన చోట మైనమో, రబ్బరు పాలో, టేపో, జిగురో ముందే వేసిపెడితే ఆ తర్వాత కుంచెకు భయం ఉండదు. బొమ్మల సామాన్ల దగ్గర దీన్ని రెసిస్ట్ అంటారు. బాటిక్ బట్టల మీద మైనం చేసే పని కూడా ఇదే, అక్కడ రంగు తొట్టిలో ముంచుతారు, ఇక్కడ కుంచెతో పరుస్తాం.

కాగితం

మిగతా వాటిలో ఎక్కడైనా పొదుపు చేయండి, కాగితంలో వద్దు. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే (300 జీఎస్‌ఎం) వాటర్‌కలర్ కాగితం తీసుకోండి. అంతకన్నా పల్చనిది తడి తగలగానే అలలు తేలుతుంది. కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ రకం ఈ పనికి బాగా పనికొస్తుంది. నున్నగా ఉండే హాట్ ప్రెస్ మీద మైనం గీత నిండుగా, స్పష్టంగా వస్తుంది. కోల్డ్ ప్రెస్ మీద కాగితం మిట్టలకు మాత్రమే మైనం అంటుకుని పల్లాల్లోకి రంగు దిగుతుంది. నీటి మీద మెరుపు, మంచు, పొగ లాంటివన్నీ ఆ చెదురుమదురు తెలుపులోంచే పుడతాయి.

ఇంకో గుణం కంటికి కనిపించదు. మంచి వాటర్‌కలర్ కాగితానికి, బట్టకు గంజి పెట్టినట్టు, జెలటిన్‌లాంటి పదార్థం పట్టిస్తారు. దాన్ని సైజింగ్ అంటారు. అది ఉంటే రంగు కాసేపు పైన నిలిచి మెల్లగా ఇంకుతుంది. లేకపోతే అద్దుడు కాగితం పీల్చినట్టు పీల్చేస్తుంది, అడ్డు కింద నుంచి కూడా పాకుతుంది, పైగా అడ్డు తీసేటప్పుడు కాగితం పొర కూడా ఊడొస్తుంది. పరీక్ష తేలిక. మూలన ఒక నీటి బొట్టు పెట్టి చూడండి. అది గుండ్రంగా కాసేపు నిలబడితే పర్వాలేదు. పెట్టీ పెట్టగానే మచ్చలా పాకిపోతే ఆ కాగితం మీద మైనం ఒక్కటే వాడండి, టేపు, మాస్కింగ్ ఫ్లూయిడ్ (అడ్డుగా రాసే రబ్బరు పాలు) జోలికి పోకండి.

నేను బొమ్మను కార్డు మీద నేరుగా వేయను. విడి ముక్క మీద వేసి, మడిచిన కార్డు మీద అంటిస్తాను. చెడిపోతే ముక్క ఒక్కటే పోతుంది, కార్డు లోపలి భాగం మరకలు లేకుండా ఉంటుంది, మడత దగ్గర రంగు పగలదు. ఏ4 కాగితాన్ని అడ్డంగా రెండుగా కోస్తే రెండు ఏ5 ముక్కలొస్తాయి. ఒక్కోదాన్ని సగానికి మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల ఏ6 కార్డు తయారవుతుంది. దీనికి సరిపడే కవరు సి6, అంటే 114 × 162. బొమ్మ ముక్క 95 × 138 ఉంటే చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది.

మడిచేముందు కాగితం వాలు చూసుకోండి. కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒక దిశలో పడుకుంటుంది. కాగితాన్ని మడత పడకుండా రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా లొంగుతుంది, రెండోవైపు మొండికేస్తుంది. సులువుగా వంగిన వైపే మడత రావాలి. వాలుకు అడ్డంగా మడిచిన మందపాటి కాగితం మడత మీద పీచు లేచి చిట్లుతుంది. ముందు స్కేలు పెట్టి, మొద్దుబారిన మొన ఉన్న దేనితోనైనా గట్టిగా గీత నొక్కి, ఆ గాడి వెంట మడవండి. సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఈ పనికి చక్కగా సరిపోతుంది.

మైనం

మొదలుపెట్టేవాళ్లకు ఇదే చెబుతాను. రంగు, వాసన కలపని తెల్ల కొవ్వొత్తి చాలు. చాకుతో దాని చివర ఉలిలా ఏటవాలుగా చెక్కుకుంటే అంచుతో సన్నగీత, బల్లపరుపుగా పట్టుకుంటే వెడల్పు గీత వస్తాయి. సన్నని వంపులకు కొవ్వొత్తి మొరాయిస్తుంది, అక్కడ మొన తీసిన తెల్ల క్రేయాన్ మేలు. క్రేయాన్లన్నిటిలో మైనం ఒకేలా ఉండదు. పొడి పొడిగా గీసుకునేవి నీటిని ఆపలేవు. చిత్తు ముక్క మీద గీసి, పైన రంగు రాసి చూసి తేల్చుకోండి. ఆయిల్ పేస్టల్ ఇంకా మెత్తన, మందంగా పడుతుంది, అడ్డు గట్టిగా ఉంటుంది, కానీ చేతికి అంటుతుంది.

మైనం గీతను చెరపలేం. దాని కింద ఉన్న పెన్సిల్ గీతను కూడా చెరపలేం. కాబట్టి పెన్సిల్‌తో గీసుకుంటే కనీకనిపించనంత తేలిగ్గా గీయండి. తెలుపు మీద తెలుపు కనిపించదు కదా, ఎక్కడ గీశామో తెలియడానికి దీపం పక్కకు పెట్టి, కాగితాన్ని కంటి ఎత్తుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. మైనం ఉన్నచోట తడి మెరుపులా కనిపిస్తుంది. నేను ప్రతి పది గీతలకూ ఒకసారి ఇలా చూస్తాను.

అన్నిటికన్నా ముఖ్యం నొక్కుడు. కొంగ ఒళ్లు నిండు తెలుపు కావాలంటే వేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి, ఒకే చోట రెండు మూడుసార్లు రుద్దాలి. నీటి మీద వెన్నెల కావాలంటే కొవ్వొత్తి బరువే చాలు, చెయ్యి ఊరికే నడిపిస్తే సరిపోతుంది. ఈ రెంటి మధ్య తేడా చేతికి తెలియడానికి ఒక పూట కేటాయించండి. చిన్న ముక్కల మీద మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా గీసి, ఒకే రంగు పరిచి చూసుకోండి. ఆ ముక్కలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, కొత్త కాగితం కొన్నప్పుడల్లా వాటి పక్కన కొత్తవి చేసి పెడతాను.

రంగు చిక్కదనం సంగతి. మరీ పల్చనైతే తెలుపుకూ రంగుకూ తేడా తెలియదు, చేసిన పనంతా కనిపించకుండా పోతుంది. మరీ ముద్దగా ఉంటే మైనం మీదకు కూడా ఎక్కి కూర్చుంటుంది. పెన్నులో పోసే సిరా అంత పల్చగా, కానీ దానంత ముదురుగా కలపండి. ఆరాక వాటర్‌కలర్ కొంత వెలిసినట్టవుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు ‘కాస్త ఎక్కువైందేమో’ అనిపించేదే సరైన ముదురు. మైనం మీద నిలిచిపోయిన చిన్న బొట్లు ఆరితే చుక్కలవుతాయి. వానలో, మంచులో అవి అందం. కొంగ మీద మాత్రం మచ్చలు. తడి ఉండగానే పిండేసిన కుంచె మొన తాకిస్తే పీల్చుకుంటుంది.

ఏ రంగు వాడుతున్నారన్నది కూడా చూసుకోండి. థాలో బ్లూ లాంటి రంగుల రేణువులు చాలా సన్నం, కాగితం పీచులోకి దిగి మరక పట్టేస్తాయి, అడ్డులో వెంట్రుకంత సందు దొరికినా దూరతాయి. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం రేణువులు ఒకదానికొకటి గుమిగూడి కాగితం పల్లాల్లో చేరి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. మైనం మెరుపు పక్కన ఆ గరుకుదనం ఎంత బాగుంటుందో ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుంది. నా ఆకాశాలన్నీ అల్ట్రామెరీన్, ఎర్రమట్టి రంగులో ఉండే బర్న్ట్ సియెన్నా కలిపినవే. ఈ రెంటి పాళ్లు మారుస్తూ పోతే తెల్లవారుజాము బూడిద నుంచి నడిరాత్రి నలుపు దాకా వస్తుంది.

మైనం తెలుపునే కాపాడుతుందనుకోకండి. కింద ఏది ఉంటే దాన్ని కాపాడుతుంది. ముందు కాగితమంతా లేత పసుపు వేసి, పూర్తిగా ఆరాక మైనంతో ఆకులు గీసి, పైన ముదురాకుపచ్చ వేస్తే ఆకులు పసుపుగానే నిలుస్తాయి. ఆ ఆకుపచ్చ ఆరాక మళ్లీ ఇంకొన్ని ఆకులు గీసి, ఇంకా ముదురు రంగు వేస్తే మూడు దఫాల ఆకులు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఎప్పుడైనా లేతరంగు నుంచి ముదురుకే. రంగు క్రేయాన్లతో ఇంకో దారి ఉంది. పసుపు క్రేయాన్‌తో కిటికీలు గట్టిగా నింపి పైన రాత్రి రంగు పరిస్తే ఇంటినిండా దీపాలు వెలిగినట్టుంటుంది. ఇది పిల్లల ఆట అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. శిల్పి హెన్రీ మూర్ 1940, 1941లలో బాంబు దాడుల నుంచి తలదాచుకోవడానికి లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో పడుకున్న జనాన్ని చిత్రించినప్పుడు వాడినది ఈ మైనం క్రేయాన్, వాటర్‌కలరే. మైనం గీతలు ఆ దుప్పట్ల మడతలకు ఇచ్చిన బరువు చూశాక ఈ పద్ధతి మీద నాకు గౌరవం పెరిగింది.

మైనాన్ని తర్వాత ఇస్త్రీ పెట్టెతో కరిగించి అద్దుడు కాగితంతో లాగేయొచ్చు. నేను చేయను. కొంత మైనం కాగితంలోనే ఉండిపోయి నూనె మరకలా కనిపిస్తుంది. మైనం వేసినచోట అది శాశ్వతం అనుకునే గీయండి.

మాస్కింగ్ ఫ్లూయిడ్

సన్నని కాడలు, పువ్వు కేసరాలు, నక్షత్రాలు, నిక్కచ్చి అంచున్న చంద్రుడు. వీటికి మైనం చాలదు. మాస్కింగ్ ఫ్లూయిడ్ అంటే అమ్మోనియా కలిపిన రబ్బరు పాలు. కుంచెతో రాస్తే ఆరి పల్చటి రబ్బరు పొరవుతుంది, రంగు వేసి ఆరాక వేలితో రుద్ది ఒలిచేయొచ్చు. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తెరుచుకోండి. రబ్బరు పాలు పడనివాళ్లు దీన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

దీనితో నాకు జరిగిన నష్టాలు చెబుతాను, మీకు జరగకూడదని. మొదటిది, నాకెంతో ఇష్టమైన 4వ నంబరు కుంచె. సన్నటి మొన ఉంది కదా అని దాన్నే ముంచాను. ఫోను వస్తే మాట్లాడి వచ్చేసరికి రబ్బరు గడ్డకట్టి, వెంట్రుకలు మొదలంటా అతుక్కుపోయాయి. ఇప్పుడు పాత నైలాన్ కుంచెనే వాడతాను. ముందు తడిపి, సబ్బు బిళ్ల మీద రుద్ది, నురగ వెంట్రుకల్లోకి పట్టించి మొన సర్దుతాను. సబ్బు ఉంటే రబ్బరు పట్టుకోదు. అయినా రెండు మూడు నిమిషాలకోసారి కడిగి, మళ్లీ సబ్బు పట్టించాలి. చాలా సన్నని గీతలకు కుంచె కన్నా సిరాలో ముంచి రాసే పాళీ కలం మేలు. పాళీ మీద ఆరిన రబ్బరు తేలిగ్గా ఊడొస్తుంది.

రెండోది, సీసాను కుదపడం. మందు సీసాలా ఊపేశాను. లోపల బుడగలు లేచాయి, అవి కాగితం మీద ఆరి పగిలి సూదిమొనంత రంధ్రాలయ్యాయి, చంద్రుడి నిండా నీలం చుక్కలు పడ్డాయి. పుల్లతో మెల్లగా కలిపి, మూతలో కొన్ని చుక్కలు పోసుకుని సీసా వెంటనే మూసేయండి. గాలి తగిలితే సీసాలోనే తెట్టు కడుతుంది.

మూడోదే అన్నిటికన్నా బాధ పెట్టింది. ఎనిమిది కార్డులకు కాడలన్నీ మాస్క్ చేసి, రంగులు వేసి, అనుకోని ప్రయాణం వస్తే అలాగే వదిలి వెళ్లాను. మూడు వారాల తర్వాత వచ్చి ఒలిస్తే ఎనిమిదింటిలో ఆరింటికి కాగితం పొర కూడా లేచింది. వేసిన రోజే, మహా అయితే మర్నాడు, తీసేయాలి. అలాగే ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ వాడకూడదు. వేడికి రబ్బరు కాగితం పీచును పట్టేసుకుంటుంది. తడి కాగితం మీద రాసినా అదే గతి, లోపలికి ఇంకి ఊడిరాదు. పూర్తిగా పొడిగా ఉన్న కాగితం మీదే రాయాలి, దానంతట అదే ఆరనివ్వాలి, జిగట పోయిందో లేదో వేలితో తేలిగ్గా తాకి చూసుకోవాలి.

రంగు ఆరిందో లేదో తెలుసుకోవడానికి చేతి వెనకభాగం కాగితానికి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, కంటికి ఎంత పొడిగా కనిపించినా సరే. ఆరాక శుభ్రమైన వేలితో అంచు నుంచి లోపలికి దొర్లిస్తూ రుద్దితే రబ్బరు ఉండలు చుట్టుకుని వస్తుంది. వేలికి రంగు అంటి ఉంటే ఆ తెలుపంతా పాడవుతుంది, ముందు చేతులు కడుక్కోండి.

ఒలిచాక బయటపడే తెలుపు కత్తిరించి అంటించినట్టు కరుగ్గా ఉంటుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. దయచేసి ఆపకండి. తడి కుంచె మొనతో ఒకవైపు అంచును నాలుగుసార్లు మెల్లగా రుద్దితే అది మెత్తబడి చుట్టూ ఉన్న రంగులో కలుస్తుంది. ఆ తెలుపులోనూ ఒక పక్క చాలా లేత పసుపో, బూడిదో వేయండి. అప్పుడు చంద్రుడు గుండ్రంగా ఉన్నాడనిపిస్తాడు.

నక్షత్రాలకు పాత టూత్‌బ్రష్‌కు కొద్దిగా ఫ్లూయిడ్ అద్ది బొటనవేలితో జల్లండి. జల్లే ముందు చిత్తుకాగితం మీద రెండు విదిలింపులు విదిలిస్తే పెద్ద బొట్లు అక్కడే పోతాయి.

టేపు, జిగురు, పొడి

టేపు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, కానీ ఒక్క ఉపాయం నాకు చాలా కార్డులు ఇచ్చింది. మాస్కింగ్ టేపును నిలువునా చేత్తో చింపండి. గరుకు అంచులతో వచ్చిన ఆ పట్టీలను కాగితం మీద నిలువుగా అంటించి, చుట్టూ అడవి రంగులు వేసి తీసేస్తే తెల్లని చెట్ల బోదెలు నిలబడతాయి. అడ్డంగా అంటిస్తే మంచుకొండల వరస. అంటించేముందు ఒకసారి బట్టకు అద్ది జిగట తగ్గించండి, అంచుల్ని గోటితో నొక్కండి, తీసేటప్పుడు కాగితానికి దగ్గరగా వెనక్కి మడిచి, రంగుకు అవతలి వైపుకు నిదానంగా లాగండి. మొండికేస్తే ఇక్కడ హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, వెచ్చదనానికి టేపు జిగురు మెత్తబడుతుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్‌కు పనికిరానిది టేపుకు పనికొస్తుంది, రెండూ ఒకే కార్డు మీద ఉన్నప్పుడు గుర్తుంచుకోండి.

తెల్ల జిగురు సీసా మొనతోనే గీతలు గీసి, రాత్రంతా ఆరనిస్తే పారదర్శకమైన గట్లు తయారవుతాయి. ఆ గట్ల మధ్య రంగులు నింపితే రంగుటద్దాల కిటికీలా ఉంటుంది. ఇది ఊడదు, కార్డు మీదే ఉబ్బెత్తుగా ఉండిపోతుంది. కడిగితే పోయే రకం పిల్లల జిగురు వద్దు, రంగు తడికి మెత్తబడి కరుగుతుంది.

ఎంబాసింగ్ పొడి అక్షరాలకు మంచిది. రంగులేని జిగట సిరాతో ముద్ర వేసి, పైన పారదర్శకమైన పొడి చల్లి, దులిపి, వేడిగాలి గన్నుతో కరిగిస్తే గాజులా మెరిసే గీత ఏర్పడుతుంది, దాని మీద రంగు నిలవదు. హెయిర్ డ్రయ్యర్‌కు అంత వేడి ఉండదు, పైగా పొడినంతా ఊదేస్తుంది. ముద్ర వేసే ముందు కాగితాన్ని టాల్కం పౌడరుతో చాలా తేలిగ్గా తుడిస్తే పొడి అక్కర్లేని చోట అంటుకోదు. ఉప్పును కూడా చాలామంది ఈ వరసలోనే చెబుతారు గానీ అది అడ్డు కాదు, తడి రంగును తనవైపు పీల్చుకుని పువ్వుల్లాంటి మచ్చలు చేస్తుంది. దులిపాక మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుందని నేను కార్డుల మీద వాడను.

ఒక కార్డు మొదటినుంచి చివరిదాకా

చెరువు మీద వెన్నెల. బొమ్మ ముక్కను పలక మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. టేపు ముక్క అంచు మీదకు 5 మిల్లీమీటర్లు ఎక్కితే తెల్లటి చట్రం దానంతటదే వస్తుంది, కాగితమూ ముడుచుకోదు. పై మూడో వంతులో నాణెం అంత చంద్రుడు, జల్లిన నక్షత్రాలు మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో. అది ఆరాకే కొవ్వొత్తి పట్టుకోండి. మైనం ముందు వేస్తే దాని మీద ఫ్లూయిడ్ పట్టదు, ఒలిచేటప్పుడు మైనం నలిగి అంతటా పూసుకుంటుంది. చంద్రుడికి సరిగ్గా కింద, ఆకాశం, చెరువు కలిసే నీటి గీత నుంచి మొదలుపెట్టి, అడ్డంగా పొట్టి గీతలు. పైన దగ్గర దగ్గరగా సన్నగా, కిందికి వచ్చేకొద్దీ ఎడంగా, వెడల్పుగా. చెయ్యి బరువు పెట్టకండి.

రంగు ముందే కలిపి సిద్ధంగా ఉంచుకోండి, సగంలో కలపడానికి ఆగితే మొదటికొస్తుంది. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కొద్దిగా కలిపిన ముదురు నీలం, మీకు అవసరమనిపించినదానికి రెట్టింపు. పలక పై అంచు కింద ఒక పుస్తకం పెట్టి వాలు చేయండి. పెద్ద గుండ్రటి కుంచెను నిండా ముంచి పైనుంచి అడ్డంగా లాగండి. గీత కింద అంచున రంగు బొట్టు కట్టి నిలుస్తుంది, తర్వాతి గీత ఆ బొట్టును తాకుతూ వెళ్లాలి. నీటి గీత దగ్గరికి వచ్చేసరికి కొంచెం నీళ్లు కలిపి లేతగా చేయండి, దాటాక మళ్లీ ముదురుగా. చంద్రుడి మీదుగా, మైనం మీదుగా, దేన్నీ తప్పించుకోకుండా వెళ్లిపోండి. కింద మిగిలిన తడిని పిండిన కుంచెతో పీల్చేసి, ఇక ముట్టుకోకుండా పక్కన పెట్టండి. సగం ఆరిన రంగును సరిదిద్దబోతే కాలీఫ్లవర్ అంచుల్లాంటి మరకలు వస్తాయి, వాటికి మందు లేదు.

పూర్తిగా ఆరాక, నీటి గీత వెంట ఇంకా ముదురు రంగుతో అవతలి గట్టు, నాలుగు చెట్ల నీడలు. అదీ ఆరాక ఫ్లూయిడ్ ఒలవండి, చంద్రుడి అంచు మెత్తబరచండి. చిట్టచివర టేపు. మొత్తం రెండు గంటల పని, అందులో గంటన్నర ఎదురుచూపు. అందుకే నేను ఒకేసారి నాలుగు ముక్కలు పెట్టుకుంటాను, ఒకటి ఆరేలోపు ఇంకోదాని మీద పని చేయొచ్చు, తడిదాన్ని కెలకాలనే కోరిక కూడా పుట్టదు.

ముక్క వంకర తిరిగితే వెనకవైపు తేమ గుడ్డతో ఒకసారి అద్ది, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. కార్డుకు అంటించడానికి రెండువైపులా అంటుకునే టేపు వాడండి, తడి జిగురు మళ్లీ వంకర తెస్తుంది. మైనం ఉన్న బొమ్మల్ని ఎదురెదురుగా పేర్చకండి, ఎండలో పెట్టకండి, ఒకదాని మైనం ఇంకోదానికి అంటుతుంది. కవరులో పెట్టేముందు బొమ్మ మీద పల్చటి కాగితం ఒకటి కప్పండి. మైనం మీద పెన్ను రాయదు, సిరా జారిపోతుంది, కాబట్టి బొమ్మ మీద ఏదైనా రాయాలంటే ఎక్కడ రాయాలో ముందే ఖాళీ వదులుకోండి. లోపల రాతకు నీటికి చెదరని సిరా వాడండి. వెనక మూలన తేదీ, వాడిన రంగుల పేర్లు రాసిపెట్టడం నాకు అలవాటు. అక్కకు పంపిన కార్డు వెనక రాయలేదు, ఆ నీలం ఎలా కలిపానో ఇప్పటికీ మళ్లీ రాలేదు.

రంగు వేయని కార్డు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని చివరికి ఉంచాను. మైనంతో బొమ్మ గీసి, మాట రాసి, రంగు వేయకుండానే పంపే కార్డు ఇది. అందుకున్నవాళ్లు తామే రంగు పరిస్తే అక్షరాలు పైకి తేలతాయి. వాళ్ల దగ్గర రంగులు ఉండకపోవచ్చు కదా, అందుకని వేరే చిన్న వాటర్‌కలర్ ముక్క మీద ట్యూబు రంగును గోరంత మందంగా పూసి, రెండు రోజులు ఆరబెట్టి, కార్డుతోపాటు పెడతాను. తడి కుంచెతో దాన్ని రుద్దితే రంగు మళ్లీ కరుగుతుంది. అక్షరాలు కనీసం 2 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, ఒక్కోటి రెండుసార్లు గట్టిగా రుద్దాలి, మూడు నాలుగు మాటలు మించకూడదు. ముదురు రంగు ముక్కే పెట్టండి, పసుపు పెడితే ఏమీ కనిపించదు.

ఇలాంటిది మొదట మా తమ్ముడి కూతురికి పంపాను. కవరు తెరిచి, “అత్తా, కార్డులో ఏమీ లేదు, మర్చిపోయావా?” అని ఫోన్ చేసింది. ఫోను పక్కన పెట్టి నీలం రాయమన్నాను. అటువైపు కాసేపు కుంచె చప్పుడు, తర్వాత పెద్ద కేక. నెల తిరక్కుండానే నాకో తెల్ల కార్డు వచ్చింది. దానికి రంగు ముక్క లేదు, నా దగ్గర ఉంటుందని తనకు తెలుసు. అల్ట్రామెరీన్ కలిపి పరిస్తే రెండు కొంగలు వచ్చాయి. ఒకదానికి మైనం తక్కువ పడి ఒక కాలే తేలింది. ఈసారి కాళ్ల దగ్గర ఇంకాస్త గట్టిగా నొక్కమని జవాబు రాసి, చెక్కిన కొవ్వొత్తి ముక్క ఒకటి దానితో పంపాను.